పుట్టుపూర్వోత్తరాలు: మధుర నాయకుల వంశగాథ



ఏటి పుట్టుక, ఋషి పుట్టుక అడగకూడదని సామెత. సామెత చెప్పినవాళ్ళే అడగడం మానలేదు. కోయంబత్తూరు పక్క పల్లెల్లో గాని, మదురై చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో గాని, తెలుగువాళ్ళ ఇంట పెళ్ళి సంబంధం మాట రాగానే మొదట వచ్చే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఇంటిపేరేమిటి? గోత్రమేమిటి? ఇంటి దేవుడెవరు? మీ పెద్దలు ఏ ఊరినుంచి దిగివచ్చినారు? ఈ చివరి ప్రశ్నకు ప్రతి ఇంట్లోనూ ఒక కథ సిద్ధంగా ఉంటుంది. ఆ కథలో ఎంత నిజం, ఎంత కల్పన, ఆ కల్పన కూడా ఎందుకు అవసరమయింది అనేవి ఆలోచించదగ్గ విషయాలు. ఈనాటి ప్రసంగంలో ఈ ఆలోచనకు ఆధారంగా మనవాళ్ళు ఎక్కువగా తమవాడని చెప్పుకునే ఒక ప్రభువు కథను తీసుకుందాం. ఆయన మధుర నాయక రాజ్య స్థాపకుడు విశ్వనాథ నాయకుడు.

కాలం ముందుగా గుర్తు చేసుకుందాం. శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కినది 1509లో. సరిగ్గా ఆ ఏడాదే ఇంగ్లండులో ట్యూడరు వంశపు ఎనిమిదవ హెన్రీ రాజయ్యాడు. రాయలు 1529లో కన్నుమూశారు. సంప్రదాయం ప్రకారం విశ్వనాథుడు మధురలో పాలన మొదలుపెట్టింది కూడా 1529లోనే. 1564 వరకూ ఆయన పాలించాడని చెబుతారు.

ఇక కథ. మన తాతలు చెప్పే కథ, కైఫీయతుల్లోనూ, తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర అనే తెలుగు వచన గ్రంథంలోనూ కొద్దిపాటి తేడాలతో కనబడే కథ ఇది. కొట్టియం నాగమ నాయకుడు రాయలవారి కొలువులో పెద్ద దండనాయకుడు. చాలాకాలం సంతానం లేక కాశీకి పోయి విశ్వేశ్వరుని సేవించాడు. ఆ స్వామి వరాన కొడుకు పుట్టాడు గనుక విశ్వనాథుడని పేరు పెట్టాడు. పిల్లవాడు రాయలవారి దగ్గర పెరిగాడు. నవరాత్రుల్లో దేవికి బలి ఇవ్వవలసిన అడవిదున్న కొమ్ములు మెడను కప్పేటంత పొడుగ్గా ఉంటే, ఎవరికీ చేతగాని పనిని ఒక్క వేటుతో చేశాడు.

ఆ రోజుల్లో తంజావూరి వీరశేఖర చోళుడు మధురమీద పడి చంద్రశేఖర పాండ్యుణ్ణి వెళ్ళగొట్టాడు. పాండ్యుడు రాయలవారిని శరణు వేడాడు. రాయలు నాగమను పంపారు. నాగమ చోళుణ్ణి ఓడించాడు. అయితే రాజ్యం పాండ్యుడికి అప్పగించకుండా తానే మధురలో కూర్చున్నాడు. పాండ్యుడు మళ్ళీ మొర పెట్టుకున్నాడు. రాయలకు కోపం వచ్చింది. "ఈ ద్రోహి తల తెచ్చేవాడు ఎవడు?" అని సభలో అడిగారు. అందరూ తలలు వంచుకున్నారు. లేచి నిలబడ్డది నాగమ కొడుకు. రాయలు మొదట అనుమానించారు, తరువాత నమ్మి పంపారు. కొడుకు తండ్రితో యుద్ధం చేసి, పట్టి, కట్టి తెచ్చాడు. రాయలు మెచ్చి తండ్రిని క్షమించారు. మధురను కొడుకుకు ఇచ్చారు. ఇదీ కథ.

శ్రోతలారా, ఈ కథను నాలుగు వైపులనుంచి పరీక్షించి చూద్దాం.

మొదటిది, కథలోని రాజులు. తంజావూరు చోళుల రాజ్యం 1279 ప్రాంతంలోనే ముగిసిపోయింది. కృష్ణదేవరాయల నాటికి తంజావూరు సీమ విజయనగర అధికారుల చేతిలో ఉంది. అంటే మధురమీద దండెత్తగల స్వతంత్ర చోళరాజు అప్పుడు ఉండడం కష్టం. పాండ్యుల సంగతి వేరు. వాళ్ళు మధుర వదిలి దక్షిణాన తెన్‌కాశి ప్రాంతంలో చిన్న రాజులుగా మిగిలే ఉన్నారు. కథ చెప్పినవాడికి పాత చోళ పాండ్య వైరం గుర్తుంది. దాన్ని రెండున్నర శతాబ్దాలు ముందుకు జరిపి ఇక్కడ అతికించాడు.

రెండవది, కాలం. విజయనగర సైన్యం దక్షిణానికి దిగి తామ్రపర్ణి దాకా పోయిన పెద్ద దండయాత్ర ఒకటి శాసనాలకూ, కావ్యాలకూ ఎక్కింది. అది కృష్ణరాయలది కాదు. ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు 1532 ప్రాంతంలో చేసినది. కాబట్టి మధుర మీద నాయకుల పట్టు బలపడడం రాయలవారి చివరి రోజుల్లో ఒక్క సభలో, ఒక్క మాటతో తేలిపోయిన పని కాదు. కొన్నేళ్ళపాటు సాగిన వ్యవహారం.

మూడవది, తండ్రి పేరు. ఇక్కడ మాత్రం కథ గట్టిగా నిలబడుతుంది. తిరునల్వేలి దగ్గర కృష్ణాపురంలో వెంకటాచలపతి గుడి ఉంది. ఆ శిల్పాలు మీలో చాలామంది చూసి ఉంటారు. ఆ గుడికి ఊళ్ళు ఇస్తూ సదాశివరాయల పేరిట 1567లో వేయించిన రాగిరేకులు ఉన్నాయి. అందులో దానం అడిగిన కృష్ణప్ప నాయకుణ్ణి విశ్వనాథుని కొడుకుగా, నాగమ మనుమడిగా చెప్పారు. సొంత కొడుకు, తండ్రి పోయిన కొద్ది ఏళ్ళకే, ప్రభుత్వ పత్రంలో చెప్పిన మాట ఇది. కాశీ వరం సంగతి ఎలా ఉన్నా, నాగమ కొడుకు విశ్వనాథుడు అన్నది అబద్ధం కాదు.

నాలుగవది అన్నిటికన్నా ఆసక్తికరమైనది. మదురై మీనాక్షి గుడి ఎదుట పుదుమండపం ఉంది కదా. తిరుమల నాయకుడు పదిహేడవ శతాబ్దంలో కట్టించినది. ఆ స్తంభాలకు పదిమంది నాయక రాజుల ప్రతిమలు చెక్కించాడు. అది ఒక రాతి వంశవృక్షం. ఆ వరుస విశ్వనాథునితో మొదలై తిరుమలునితో ముగుస్తుంది. నాగమకు అందులో చోటు లేదు. తాత పేరు రాగిరేకుల్లో చెప్పుకున్న వంశమే, రాతిలోకి వచ్చేసరికి ఆయన్ను బయట నిలబెట్టింది.

ఎందుకు? ఇప్పుడు తండ్రిని పట్టితెచ్చిన కథ మర్మం తెలుస్తుంది. నాయకులు పుట్టుకతో రాజులు కారు. చోళులు సూర్యవంశమన్నారు, పాండ్యులు చంద్రవంశమన్నారు. నాయకుడన్నది వంశం పేరు కాదు, ఉద్యోగం పేరు. రాయలకోసం ఇన్ని గుర్రాలు, ఇంతమంది బంట్లు పోషించి, అందుకు ప్రతిగా సీమ అనుభవించేవాడు అమరనాయకుడు. మరి అలాంటివాడు మధుర గద్దెమీద కూర్చుంటే, "నీకు ఈ రాజ్యం ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. తండ్రి గెలిచాడు గనుక వచ్చింది అంటే, తండ్రి రాజద్రోహి అన్న మచ్చ ఉంది. కాబట్టి హక్కు తండ్రినుంచి రాలేదు, రాయలనుంచి వచ్చింది అని చెప్పవలసి వచ్చింది. ఒక చేత్తో తండ్రిని కట్టి తెచ్చి, మరో చేత్తో ఆయన ప్రాణం కాపాడిన కొడుకు కథ ఆ పని చేసింది. స్వామిభక్తి ముందు, పితృభక్తి తరువాత. అయితే రెండూ దక్కాయి. కథ ఎవరు అల్లినా బుద్ధిమంతుడే.

ఇది విశ్వనాథుని సంగతి. ఆయన పుట్టుకలో అనుమానం లేదు, హక్కులోనే ఉంది. కాని పుట్టుకే తగువై, దానికోసం వేలమంది ప్రాణాలు పోయిన సంఘటన కూడా మన తెలుగు రాజుల చరిత్రలో ఉంది. అందులో మధుర నాయకులకు భాగముంది.

వెంకటపతిరాయలు 1586నుంచి 1614 వరకు విజయనగర రాజ్యాన్ని చంద్రగిరి, వేలూరులనుంచి ఏలాడు. ఆయనకు భార్యలు చాలామంది ఉన్నా సంతానం లేదు. ఒక రాణి పేరు బాయమ్మ. ఆమె పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయడు, పెద్ద పాళెగాడు. ఈ రాణి గర్భవతినని నటించి, ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను రహస్యంగా తెప్పించి, తన కొడుకని పెంచిందని ఒక కథనం. 1614 నాటికి ఆ పిల్లవాడికి పద్నాలుగేళ్ళు. అంటే పుట్టినది 1600 ప్రాంతంలో. ఇంగ్లండులో ట్యూడరు వంశపు చివరి పాలకురాలు ఎలిజబెత్ ఇంకా బతికి ఉన్న కాలం.

రాయలు మరణశయ్యమీద ఆ పిల్లవాణ్ణి కాదని, అన్నకొడుకు శ్రీరంగరాయలకు రాజ్యం అప్పగించాడు. జగ్గరాయడు ఊరుకోలేదు. కొత్త రాజును బంధించి, రాణి పెంచిన కుర్రవాణ్ణి గద్దెమీద కూర్చోబెట్టాడు. ఎదురు నిలిచినవాడు వెలుగోటి యాచమ నాయకుడు. యాచముడు ఒక చాకలివాడి సాయంతో శ్రీరంగరాయల కొడుకు రాముణ్ణి మాసిన బట్టల మూటలో కోటనుంచి దాటించాడు. ఆ తరువాత జగ్గరాయడు చెరలో ఉన్న రాజును కుటుంబంతో సహా చంపించాడు. దేశం రెండు పక్షాలయింది. తంజావూరి రఘునాథ నాయకుడు యాచముని పక్షం. మధుర ముత్తువీరప్ప నాయకుడు, జింజి నాయకుడు జగ్గరాయని పక్షం. 1616 చివరి రోజుల్లో కావేరి ఒడ్డున, కల్లణై ఆనకట్టకు దగ్గరలోని తోపూరులో పెద్ద యుద్ధం జరిగింది. జగ్గరాయడు చనిపోయాడు. బట్టల మూటలో బయటపడ్డ బాలుడు రామదేవరాయలై 1632 వరకు పాలించాడు.

ఇంతకూ ఆ రాణి కొడుకు నిజంగా ఎవరి బిడ్డ? సాక్షులను పిలుద్దాం. ఈ సంగతులు ఎక్కువ వివరంగా రాసినవాడు మాన్యుయెల్ బర్రాదాస్ అనే జెస్యూట్ పాదిరి. కొచ్చినుంచి 1616 డిసెంబరులో రాసిన ఉత్తరం అది. దాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో తన విజయనగర చరిత్రలో ప్రకటించాడు. పాదిరికి ఈ కుటుంబంలో వాటా లేదు, అది మంచిదే. కాని ఆయన కొచ్చిలో ఉన్నాడు, అంతఃపురంలో లేడు. ఇక మన భాషలోని వెలుగోటివారి వంశావళి యాచముని ఇంటి గ్రంథం. తంజావూరు కావ్యాలు రఘునాథుని కొలువులో పుట్టినవి. అందరూ గెలిచినవాళ్ళ తరఫువాళ్ళే. జగ్గరాయని పక్షాన కావ్యం రాసే కవి మిగల్లేదు. ఓడినవాడి కొడుకు దొంగ కొడుకు కావడం లోకంలో కొత్త కాదు.

అయినా ఒక సాక్ష్యం బలంగా ఉంది. అది వెంకటపతిరాయల చర్య. కొడుకు లేక బాధపడ్డ రాజు, సొంత కొడుకు కళ్ళెదుట ఉండగా అన్నకొడుకును పిలిచి రాజ్యమిస్తాడా? పాదిరి మాటకన్నా, కవి మాటకన్నా, రాజు చేసిన ఈ పని ఎక్కువ చెబుతుంది. అబద్ధమని రుజువు కాకపోయినా, అనుమానం న్యాయమైనదే.

దీనికి సరితూగే ముచ్చట్లు ఇంగ్లండులోనూ జరిగాయి. పెర్కిన్ వార్బెక్ అనేవాడు తాను చనిపోయాడనుకున్న రాజకుమారుణ్ణని చెప్పుకుని ఏడవ హెన్రీని కొన్నేళ్ళు నిద్రపోనివ్వలేదు. చివరికి 1499లో ఉరి తీశారు. ఎనిమిదవ హెన్రీ కూతురు ఎలిజబెత్ తండ్రి ఎవరో లోకానికంతా తెలుసు. అయినా తల్లి పెళ్ళి చెల్లదని 1536లో పార్లమెంటు చట్టం చేసి ఆమెను అక్రమ సంతానమన్నది. ఆ అక్రమ సంతానమే 1558లో రాణి అయి నలభై నాలుగేళ్ళు ఏలింది. బాయమ్మ కొడుక్కూ, ఎలిజబెత్‌కూ మధ్య తేడా రక్తంలో కన్నా యుద్ధంలో, కాలంలో ఎక్కువగా ఉందేమో ఆలోచించండి.

తల్లి వైపు తగువు మధుర నాయకుల బంధువులకు ఒకసారి మేలు కూడా చేసింది. సింహళంలో కాండీ రాజు నరేంద్రసింహుడు మధుర రాకుమార్తెలను పెళ్ళాడాడు. వాళ్ళకు బిడ్డలు లేరు. వేరొక స్త్రీకి పుట్టిన ఉనంబువె అనే కొడుకున్నాడు. తండ్రి రాజేనని ఎవరూ కాదనలేదు. తల్లి రాజకులం కాదన్నారు. అందుకని 1739లో రాణిగారి తమ్ముడు శ్రీవిజయరాజసింహుడు పేరుతో కాండీ రాజయ్యాడు. ఆ నాయక వంశం 1815లో ఆంగ్లేయులు తీసేసేదాకా కాండీని ఏలింది.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం.

విశ్వనాథుని కాలంలో అరియనాథ ముదలియారు మధుర సీమను డెబ్భైరెండు పాళేలుగా విభజించి, మధుర కోట బురుజులను ఒక్కొక్క పాళెగాడికి ఒక్కొక్కటిగా అప్పగించాడని ప్రసిద్ధి. బోడినాయకనూరు, విరూపాక్షి, పాంచాలంకురిచ్చి, ఇటు ఉడుమలపేట పక్క తళి, ఇవన్నీ తెలుగు మాట్లాడే కుటుంబాల పాళేలు. కోయంబత్తూరు సమీపాన పేరూరు గుడిలోని కనకసభను తిరుమల నాయకుని సోదరుడు అళగాద్రి నాయకుడు కట్టించాడని చెబుతారు. సైనికులతోబాటు రైతులు, నేతగాళ్ళు, తోలుపని చేసేవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు కూడా వచ్చారు. ఒకేసారి రాలేదు, ఒకే దారిన రాలేదు.

వాళ్ళ కథల్లో మాత్రం ఒకే దారి వినిపిస్తుంది. ఉత్తరాన ఒక తురక ప్రభువు మన ఆడపిల్లను అడిగాడు, ఇవ్వలేక రాత్రికి రాత్రి బయలుదేరాము, ఏరు అడ్డం వచ్చింది, రెండు గట్లమీది రెండు కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయి, మేము దాటాము. కంబళత్తు నాయకులు ఈ కథ చెబుతారు. కానుగను పూజ్యంగా చూస్తారు. నూరేళ్ళ కిందట మదురై జిల్లా గెజిటీరులోనూ, థర్‌స్టన్ పుస్తకంలోనూ ఇది ఎక్కింది. ఇడైసెవల్‌వాసి, తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన గోపల్ల గ్రామం నవలను ఇలాంటి వలసకథమీదనే కట్టారు. ఒకే కథ ఇన్ని కులాలవాళ్ళ ఇళ్ళలో ఉందంటే, అది ఫలానా ఇంట్లో ఫలానా నాడు జరిగిన సంఘటన కాకపోవచ్చు. పుట్టిన ఊరు వదిలి వచ్చినవాళ్ళు పిల్లలకు చెప్పుకున్న సమాధానం. పొట్టకూటికి వచ్చామని చెప్పడం కన్నా మానం కోసం వచ్చామని చెప్పడం బాగుంటుంది. నాగమ కథ నాయకులకు చేసిన పనినే, కానుగ కథ మన పెద్దలకు చేసింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మధుర నాయకులు మావాళ్ళంటే మావాళ్ళని ఒకటికి మించిన కులాలవాళ్ళు సభలు పెట్టి చెబుతున్నారు. గ్రంథాలు, చరిత్రకారులు ఎక్కువగా వారిని బలిజ కులస్థులుగా పేర్కొన్నారు. అయినా అసలు సంగతి వేరు. నాయకుడు, నాయుడు, నాయకర్ అన్న మాటలు ఉద్యోగంనుంచి పుట్టినవి గనుక, ఆ మాట పేరు చివర ఉన్నంతమాత్రాన విశ్వనాథుని రక్తం ఒంట్లో ఉందని రుజువు కాదు. లేదంటే తక్కువా కాదు. నల్లరేగడిని దున్ని పత్తి పండించినవాళ్ళు, మరమగ్గం పెట్టినవాళ్ళు, చెప్పు కుట్టినవాళ్ళు ఎవరి మునిమనుమలైనా గౌరవంగా బతికారు. ఆ బతుకు రాజుగారి కథలో కరిగిపోతే నష్టం మనకే.

అందుచేత శ్రోతలకు ఒక మనవి. మీ ఇంటి కథ పారేయవద్దు, ఉన్నదున్నట్టు నమ్మనూ వద్దు. ఇందాక విశ్వనాథుని కథను పరీక్షించిన పద్ధతే మీ కథకూ పనికివస్తుంది. కథలోని రాజు ఆ కాలంలో ఉన్నాడా చూడండి. ఇంట్లో రాగిరేకు, తాటాకు, ఇనాం పత్రం, పాత పట్టా ఏదైనా ఉంటే దానిమీది తేదీ చూడండి. గుడిలో మీ పెద్దలు వేయించిన రాయి ఉంటే చదివించండి. ఇంటిపేరు చాలామార్లు ఆంధ్రదేశంలోని ఒక ఊరి పేరే, ఆ ఊరు వెతకండి. కల్నల్ మెకంజీకోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు చాలావరకు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మీ సీమ గురించి అందులో ఏముందో చూడవచ్చు.

వీటన్నిటికన్నా ముందు చేయవలసినది ఇంకొకటి. మీ నాయనమ్మ, అమ్మమ్మ చెప్పే మాటను ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. "మేము వచ్చినాము, దిగినాము, కాపురం పెట్టినాము" అని ఆమె ఎలా అంటుందో అలాగే. ఎవరు చెప్పారు, ఏ ఏడాది చెప్పారు అన్నది కింద వేయండి. పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతున్నారు. ఇంట్లో తెలుగు తరిగిపోతున్నది. వినేవాళ్ళు లేకపోతే కథ చెప్పేవాళ్ళతోనే పోతుంది. ఓడిపోయిన జగ్గరాయని పక్షం మాట మనకు దక్కనిది రాసేవాడు లేకనే గదా. మన ఇళ్ళ మాటకు ఆ గతి పట్టకూడదు.